తాళం పగిలితే భాగ్యమే

దొరవారిసత్రంలో కాలు మీద కాలు వేసుకుని కోట్లు గడించే మార్గం ఒకటుంది. దానికి పొలం అక్కర్లేదు, రొయ్యల గుంట అక్కర్లేదు, శ్రీసిటీలో ఉద్యోగమూ అక్కర్లేదు. ఎవరో ఎక్కడో వదిలేసిపోయిన సామాను వేలం పాటలో కొనాలి, మూడింతలకు అమ్మాలి. అంతే. మధ్యలో ఏదో ఉందని చెప్పేవాళ్లంతా పిరికివాళ్లు. ఈ వ్యాపారం గురించి అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేను చెప్తూ వచ్చిన సలహాలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. పైసా తీసుకోవడం లేదు కాబట్టి వీటి విలువ మీకు వెంటనే తెలియకపోవచ్చు.

ముందు గురువుల్ని తలుచుకుందాం. అమెరికాలో అలబామా రాష్ట్రంలో స్కాట్స్‌బరో అని చిన్న ఊరు. 1970లో డాయల్ ఓవెన్స్ అనే ఆయన 300 డాలర్లు అప్పు చేసి, ఎవరిదో పికప్ బండి అడిగి తెచ్చుకుని, బస్సు కంపెనీ దగ్గర దిక్కులేకుండా పడున్న పెట్టెలు కొని, మడత బల్లల మీద పరిచి అమ్మాడు. తర్వాత విమానాల్లో మిగిలిపోయిన పెట్టెల దాకా ఎదిగాడు. ఇవాళ ఆ దుకాణం చూడ్డానికి దూరదూరాల నుంచి జనం వస్తారు. సొంతదారు కోసం విమాన కంపెనీ మూడు నెలల పాటు వెతికి, దొరక్కపోతే నష్టపరిహారం కట్టి, ఆ తర్వాతే పెట్టెను అమ్ముతుందట. ఇలాంటివి మీకెందుకు? గురువు కథలో 300 డాలర్లు మాత్రం పట్టుకోండి, ఆ తర్వాతి యాభై ఏళ్లు వదిలేయండి.

రెండో గురువు టీవీ. 2010 డిసెంబరులో అక్కడ ‘స్టోరేజ్ వార్స్’ అనే కార్యక్రమం మొదలైంది. ఇల్లు చాలనివాళ్లు, ఊరు మారేవాళ్లు, విడాకుల్లో ఉన్నవాళ్లు నెల అద్దెకు ఇనుప షట్టరు గదులు తీసుకుని సామాను పెట్టుకునే దేశం అది. అద్దె ఆగిపోతే రాష్ట్ర చట్టం ప్రకారం నోటీసులిచ్చి, తాళం కోసి, గదిని మొత్తంగా పాట పెడతారు. పాటదారులు గడప ఇవతలే నిలబడాలి. లోపల కాలు పెట్టకూడదు, అట్టపెట్టె మూత ఎత్తకూడదు. టార్చిలైటు వేసి నాలుగైదు నిమిషాలు చూసి ధర చెప్పాలి. పాట కొట్టినవాడు ఒకటి రెండు రోజుల్లో గది ఊడ్చి అప్పజెప్పాలి, విరిగిన మంచం, తడిసిన పరుపుతో సహా. టీవీలో మాత్రం పరుపు కిందే నిధి ఉంటుంది. ఆ నిధులు ముందే తెచ్చి పెట్టిస్తున్నారని అందులో పాల్గొన్న డేవ్ హెస్టర్ అనే పాటదారే 2012లో కోర్టుకెక్కాడు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. పెళ్లిచూపుల రోజు పక్కింటి సోఫా తెచ్చి మన హాల్లో వేసుకోమా?

మీ బావమరిది డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటే ఇవాళే ఫోన్ చేసి రంగంలోకి దింపండి. హెచ్‌వన్‌బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు. ఈలోగా ఇంకో కంపెనీ దొరక్కపోతే ఇల్లు ఖాళీ చేసి, ‘మళ్లీ వస్తాం గదా’ అని సామానంతా అద్దెగదిలో తోసి విమానం ఎక్కేవాళ్లుంటారు. తెలుగువాళ్ల గది గుర్తుపట్టడం తేలిక. ఐదు లీటర్ల కుక్కరు, గ్రైండరు అట్టపెట్టె, పాత చీరలో చుట్టిన దేవుడి మందిరం, మాగాయ వాసన. ఇవి కనిపిస్తే వెనక సూట్‌కేసులో నగలున్నట్టే. సామాను వదిలేసేవాళ్లు ఎక్కడైనా నగలు వదులుతారా, అవి ఒంటి మీదే విమానం ఎక్కుతాయి అని మీ ఆవిడ అంటుంది. ఆవిడకు వ్యాపారం తెలియదు. పాట పెంచమనండి.

సరే, అమెరికా మాట ఉంచి మన గడప దగ్గరికి వద్దాం. దొరవారిసత్రం కాగితాల్లో 2022లో తిరుపతి జిల్లాకు పోయింది, మాటలో మాత్రం నెల్లూరు దిగలేదు. ఒకవైపు నాయుడుపేట, ఇంకోవైపు సూళ్లూరుపేట, నడుమ జాతీయ రహదారి, పక్కన రైలు పట్టాలు. ఊరు ఆంధ్రాలో ఉన్నా స్టేషను మాత్రం దక్షిణ రైల్వే చెన్నై డివిజనుది. అంటే చెన్నైలో మిగిలిపోయిన సామాను మీద మనకు సగం హక్కున్నట్టే అని నా అభిప్రాయం. రైల్వేవాళ్లు ఒప్పుకోకపోవచ్చు.

రైలు పార్సిళ్ల సంగతి ఇదీ. సరుకు బుక్ చేసినవాడూ, అందుకోవాల్సినవాడూ రాకపోతే 1989 నాటి రైల్వే చట్టం 84వ సెక్షన్ కింద అది దిక్కులేని సరుకు అవుతుంది. ఏడు రోజుల్లో తీసుకుపొమ్మని నోటీసిస్తారు. అప్పటికీ ఎవరూ రాకపోతే పదిహేను రోజుల ముందు పేపర్లో ప్రకటన వేసి బహిరంగ వేలం పెడతారు. పాడైపోయే సరుకైతే అంత ఆగరు. ఆ ప్రకటన చదవకండి. చదివితే లాటు నంబరు, బరువు, ఏ సరుకని రాసి బుక్ చేశారు, ఎప్పుడు వెళ్లి చూడొచ్చు అన్నీ తెలిసిపోయి సరదా చచ్చిపోతుంది. నేరుగా పాట రోజునే వెళ్లాలి. వెళ్లి బరువైన బేలు చూసుకోవాలి. గోనెపట్టా కప్పి, పురికొసతో కుట్టి, మీద నల్ల రంగుతో ఊరి పేరూ మూడక్షరాల గుర్తూ రాసి ఉంటాయి. ఒక మూల కుట్టు ఊడి దూది బయటికొచ్చి ఉంటే, అది వానలో తడిసి ఎండి మళ్లీ తడిసిన పరుపు అని అనుభవం ఉన్నవాళ్లు అంటారు. బరువుంది కదా, మీరు పాడండి. అమ్మగా వచ్చిన సొమ్ములో రైల్వే తన బాకీ, ఖర్చులు మినహాయించుకుని, మిగిలితే అసలు సొంతదారుకే ఇవ్వాలని చట్టంలో ఉంది. అంటే ఆ సొంతదారు ఇంకా ఎక్కడో ఉన్నాడన్న మాట. అతని గురించి ఆలోచించకండి, నిద్ర పట్టదు.

ఆర్టీసీ కార్గోలో మిగిలిపోయిన పార్సిళ్లకూ పాటలు జరుగుతుంటాయి. చిన్న ఆట. తిరుమల హుండీలో భక్తులు వేసిన వాచీలు, సెల్‌ఫోన్లను టీటీడీ లాట్లుగా కట్టి ఈ-వేలం వేస్తుంది. కొత్తవీ ఉంటాయి, వాడినవీ ఉంటాయి, కొంత దెబ్బతిన్నవీ ఉంటాయని ప్రకటనలోనే చెప్తుంది. అన్నీ కొత్తవే అనుకుని పాడండి. నడవని వాచీని స్వామివారి వాచీ అని చెప్పి మూడింతలకు అమ్మండి. రుజువు చూపమన్నవాడికి కళ్లు పోతాయనండి.

అసలు మజా చెన్నై రేవులో ఉంది. విదేశాల నుంచి వచ్చిన సరుకును ముప్పై రోజుల్లో విడిపించుకోకపోతే 1962 నాటి కస్టమ్స్ చట్టం 48వ సెక్షన్ ప్రకారం, దిగుమతిదారుకు నోటీసిచ్చి, అధికారి అనుమతి తీసుకుని అమ్మేయొచ్చు. కంటెయినర్లు మణలి, మాధవరం వైపు యార్డుల్లో దొంతర్లుగా ఉంటాయి. మనకు తడ, గుమ్మిడిపూండి దాటితే ఆ దిక్కే. ఇక్కడ నా ముఖ్యమైన సలహా ఒకటే. దిగుమతిదారు ఎందుకు వదిలేశాడు అని మాత్రం అడగొద్దు. డబ్బు పెట్టి ఓడ మీద తెప్పించుకున్నవాడు వదిలేశాడంటే, సుంకం సరుకు ధరను మించి ఉండాలి, లేదా ఓడ సముద్రంలో ఉండగానే ఇక్కడ ధర పడిపోయి ఉండాలి, లేదా లైసెన్సు లేని సరుకై ఉండాలి, లేదా యార్డు అద్దె పెరిగి పెరిగి సరుకును మింగేసి ఉండాలి. పాడైపోయి ఉండటం అన్నిటికంటే మామూలు. ఇవన్నీ తెలుసుకుంటే పాడేవాడెవడు?

ఎందుకు వదిలేశాడని అడగకుండా సరుకును పడి ఉండనిస్తే ఏమవుతుందో ఒకసారి లోకమంతా చూసింది. 2020 ఆగస్టు 4న లెబనాన్‌లోని బేరూత్ రేవు పేలిపోయింది. ఒక ఓడ నుంచి దించి, పట్టించుకునేవాడు లేక, ఏళ్ల తరబడి గోదాములో ఉంచిన 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ అది. అప్పుడు మనవాళ్లకు గుర్తొచ్చింది, 2015లో చెన్నై కస్టమ్స్ పట్టుకున్న దాదాపు 700 టన్నులు అదే సరుకు మణలి యార్డులో 37 కంటెయినర్లలో ఉందని. చకచకా ఈ-వేలం ముగించి, కొన్న హైదరాబాదు కంపెనీకి లారీల్లో ఎక్కించారు. మణలి నుంచి హైదరాబాదుకు లారీలు మామూలుగా పోయే దారి మన దొరవారిసత్రం మీదుగానే. ఆ కొన్నది పేలుడు పదార్థాల లైసెన్సున్న కంపెనీ. మీకు లైసెన్సు లేకపోతేనేం, లాటు పేరు చదవకుండా పాడే గుండె ఉంది గదా.

ఈ-వేలాలు చాలావరకు ఎంఎస్‌టీసీ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ద్వారా నడుస్తాయి. పాన్, జీఎస్టీ కాగితాలిచ్చి పేరు నమోదు చేసుకోవాలి, ధరావత్తు ముందే కట్టాలి. షరతుల్లో ఒక మాట తప్పకుండా ఉంటుంది: ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటనే, ఫిర్యాదులు చెల్లవు. చదివినవాళ్లు దీన్ని హెచ్చరిక అనుకుంటారు, నేను మాత్రం బొట్టు పెట్టి పిలిచారనుకుంటాను. ఉన్నచోటనే అంటే లారీ మీది, క్రేను మీది, కూలీలు మీవాళ్లు. లక్షకు పాట కొడితే లక్షే అనుకోండి. పద్దెనిమిది శాతం జీఎస్టీ పడే సరుకైతే ఇంకో పద్దెనిమిది వేలు అని తర్వాత తెలుస్తుంది, తొందరేముంది? ఆఖరి నిమిషాల్లో ఎవరైనా ధర పెంచితే గడువు దానంతటదే పొడుగవుతుంది, కాబట్టి అర్ధరాత్రి దాకా పంతం పట్టే సౌకర్యం కూడా ఉంది. పాట మీదేనని తెర మీద కనిపించాక కూడా అమ్మేవాళ్లు ఆమోదించాలి. ఆమోదించాక డబ్బు కట్టకపోతే ధరావత్తు పోతుంది. కట్టి సరుకు ఎత్తకపోతే రోజుకింత అని నేల అద్దె పడుతుంది. దిగుమతిదారు ఈ అద్దెకే దండం పెట్టి పారిపోయాడు. ఇప్పుడు మీ వంతు.

మనిషి ఎదురుగా జరిగే పాటల్లో ఇంకో విద్య కావాలి. పోలీస్ స్టేషన్ ఆవరణల్లో వేపచెట్ల కింద తుప్పు పట్టే మోటార్ సైకిళ్లు చూసే ఉంటారు. సొంతదారు తేలని సొత్తు గురించి మేజిస్ట్రేటుకు చెప్పి, ప్రకటన వేసి, ఆరు నెలల పాటు ఎవరూ రాకపోతే అమ్మడం 1861 నాటి పోలీసు చట్టంలోనే ఉన్న పద్ధతి. ఆ పాటకు వెళ్తే గేటు దగ్గర టీ బడ్డీలో పదిమంది మీకంటే ముందే ఉంటారు. తెల్లచొక్కా, చెవిలో బీడీ, చేతిలో చిన్న డైరీ. “ఏందబ్బయా, యా ఊరు మీది? కొత్తగా వచ్చినావా?” అని అడుగుతారు. వాళ్లే రింగు. పాటలో ఒకడే పాడతాడు, మిగతావాళ్లు నోరు మూసుకుని సాయంత్రం గుడ్‌విల్లు పంచుకుంటారు. తర్వాత వాళ్లలో వాళ్లు ఇంకో పాట పాడుకుంటారు, అసలు ధర అక్కడే తేలుతుంది. తెలివైన కొత్తవాడు ఆ రోజు టీ తాగి, ఏ బండికి వాళ్లు ఎంత దాకా వెళ్లారో రాసుకుని ఇంటికొస్తాడు. మీరు అలా చేయొద్దు. పౌరుషంగా చెయ్యెత్తండి. డైరీలోకి చూసి వాళ్లు ఒక్కొక్క వెయ్యీ పెంచుతూ పోతారు. ఎక్కడ ఆపాలో వాళ్లకు తెలుసు, మీకు తెలియదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. అందరూ చప్పట్లు కొడతారు. టీ డబ్బులు కూడా మిమ్మల్నే ఇమ్మంటారు.

తెచ్చుకున్న బండి కాగితాలు అడక్కండి. తుక్కు కింద అమ్మిన బండి ఇక రోడ్డెక్కదు, విడిభాగాలే మిగులుతాయి. తుక్కు వ్యాపారి దాన్ని బరువు లెక్కన పాడతాడు, మీరు మోడల్ చూసి పాడారు.

ఇవన్నీ ప్రభుత్వ పాటలు. ఊళ్లో దొరికే బేరాలు ఇంకా రుచి. మనకు అమెరికా తరహా అద్దెగదులు లేవని దిగులు పడకండి, రొయ్యల షెడ్లున్నాయి. చిట్టమూరు, వాకాడు వైపు గుంటలు కౌలుకు తీసుకున్నవాళ్లలో ఒక పంట తెల్లమచ్చ తెగులుకు పోయి, రెండో పంటకు ధర పడిపోయి, రాత్రికి రాత్రి వెళ్లిపోయేవాళ్లుంటారు. షెడ్డులో ఏరియేటర్లు, మోటార్లు, జనరేటరు, సగం వాడిన మేత బస్తాలు ఉండిపోతాయి. గుంట ఆసామికి కౌలు బాకీ. ‘నాకు రావాల్సింది నేను రాబట్టుకోవాల’ అని ఆయన ఆ సామాను మీకు చూపిస్తాడు. ఏరియేటరు రెక్కలు ఉప్పుగాలికి తెల్లబారి ఉంటాయి, మోటారు మూత తీస్తే లోపల బల్లి గుడ్లు. ధర మాత్రం నమ్మలేనంత తక్కువ.

ఇక్కడే ఎవడో లాయరు పిల్లాడు వచ్చి అడ్డం పడతాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం అంటాడు. ఇతరుల సరుకు మీద తన బాకీకి లైన్ అనే హక్కు ఉన్నవాడు కూడా బాకీ తీరేదాకా దాన్ని తన దగ్గర పట్టి ఉంచుకోవచ్చు గానీ అమ్ముకోకూడదట. తాకట్టు పెట్టుకున్నవాడికైతే 176వ సెక్షన్ కింద తగిన నోటీసిచ్చి అమ్ముకునే వీలుంది, బ్యాంకులు బంగారం వేలం వేసేది అందుకే. గుంట ఆసామి దగ్గర ఎవరూ ఏదీ తాకట్టు పెట్టలేదు కదా అంటాడు. అమ్మేవాడికి లేని హక్కు కొనేవాడికి రాదని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ చెప్తుందనీ, పారిపోయిన కౌలుదారు రేపు తిరిగొస్తే మీ ఏరియేటర్లు లాక్కుపోతాడనీ, మీ డబ్బు కోసం మీరు ఆసామి చుట్టూ తిరగాలనీ అంటాడు. అమెరికాలో అద్దెగదుల వాళ్లకు అమ్ముకునే హక్కును రాష్ట్రాలు ప్రత్యేక చట్టాలు చేసి ఇచ్చాయి, మన దగ్గర అలాంటి చట్టం లేదని కూడా కలుపుతాడు. పిల్లాడికి టీ ఇప్పించి పంపించండి. ఆసామి పెద్దమనిషి, పంచె కట్టుకుంటాడు, కాగితం అడిగితే బాధపడతాడు. రశీదు లేకుండా నగదు ఇచ్చి, చీకటి పడ్డాక ట్రాక్టరుకు ఎత్తించండి. సామాను ఎవరిదో అందరికీ తెలిసిన ఊళ్లో చీకట్లో ఎత్తితే అనుమానం రాదు.

పెట్టెలు విప్పడం గురించి కూడా రెండు మాటలు. విప్పిన ప్రతి సామానులోనూ కాగితాలుంటాయి. పదో తరగతి మార్కుల జాబితా, పట్టాదారు పాస్‌బుక్కు, పెళ్లి ఆల్బం. అమెరికాలో ఇలాంటివి ఆఫీసులో తిరిగివ్వాలని షరతు పెడతారు. ఇక్కడ అడిగేవాడు లేడు. అట్ట మీద ఫోన్ నంబరు స్పష్టంగా కనిపించినా చెయ్యొద్దు, ఒక్క ఫోను చేస్తే వచ్చి తీసుకుపోతారు, మీకు పదికిలోల కాగితం తగ్గుతుంది. బజ్జీల కొట్టుకు తూకానికి వేయండి. సెల్‌ఫోన్లు దొరికితే ఐఎంఈఐ నంబరు చూడొద్దు. దొంగతనం ఫిర్యాదు ఉన్న ఫోన్లను సంచార్ సాథీ అనే ప్రభుత్వ పోర్టల్లో బ్లాక్ చేస్తారు, కొనేముందే అక్కడ ఉచితంగా చూసుకోవచ్చు. ఉచితంగా వచ్చేదాన్ని వ్యాపారి నమ్మకూడదు.

ఇక అమ్మకం. పాత సామాను అమ్మాలంటే ఒకప్పుడు మద్రాసు మూర్ మార్కెట్‌కు పోయేవాళ్లు. అది 1985లో తగలబడింది. సూళ్లూరుపేట లోకల్ రైలు చెన్నైలో పోయి ఆగేది ఆ స్థలంలోనే. బండి విడిభాగాలకు పుదుప్పేట ఉంది, హైదరాబాదులో గురువారం గురువారం జుమేరాత్ బజారు ఉంది. అక్కడి వ్యాపారులు ఏ సరుకు ఏ వారం కదులుతుందో, దేన్ని ఎవడు అడుగుతాడో ముందే తెలుసుకుని, కొనేవాణ్ని చూసుకున్నాకే పాటకు పోతారు. మీరు ముందు కొనండి. ఉన్ని కోట్ల బేళ్లు చవగ్గా వచ్చాయనుకోండి, ఉక్కపోతలో ఎవరు వేసుకుంటారని బెంబేలు పడొద్దు. శీతాకాలంలో నేలపట్టులో గూడబాతుల్ని చూడ్డానికి పట్నం జనం వస్తారు, సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరుగుతుంది. చలికి వణికేవాడు ఒక్కడైనా ఉండకపోడు. వాడి కొలతకు కోటు ఉండటం మీ అదృష్టం.

కోట్లు అమ్ముడుపోయేలోపు ఎక్కడో పెట్టాలి గదా. ఇంట్లో పెడితే ఇంటావిడ ఊరుకోదు. హైవే పక్కన షట్టరున్న గది ఒకటి అద్దెకు తీసుకోండి. పెద్దది తీసుకోండి, ఎందుకంటే వచ్చే నెల ఇంకో పాట ఉంటుంది. అద్దె రెండు నెలలు కట్టండి, మూడో నెల సరుకు అమ్మి కడతానని చెప్పండి, నాలుగో నెల ఓనరు ఫోను ఎత్తకండి. ఆయన ఏదో ఒకరోజు మీ తాళం మీద తన తాళం వేసి, బాకీ కింద సామాను అమ్మేస్తానని బెదిరిస్తాడు. అప్పుడు మాత్రం భయపడకండి. ఆ లాయరు పిల్లాణ్ని వెంటనే పిలిపించి, కోర్టు ఉత్తర్వు లేకుండా ఒకరి సామాను ఇంకొకరు అమ్మడానికి వీల్లేదని ఓనరుకు గట్టిగా చెప్పించండి. ఈసారి టీతో పంపేయకండి, ఫీజు ఇవ్వండి.